లివీ, టాసిటస్ పాత ప్రతులు ఎవరివి? వ్యాఖ్యాతలు, యజమానులు, మార్జిన్ రాతల గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

రోమ్ చరిత్ర రాసిన లాటిన్ రచయితల పాత ముద్రణల గురించి నేను ఎక్కడ మాట్లాడినా ఇంచుమించు ఇవే ప్రశ్నలు వస్తుంటాయి. అందుకే అన్నీ ఒకచోట పెట్టాను. వరసగానే చదవాలని లేదు. తీరిక తక్కువున్నవాళ్లు నేరుగా గేబ్రియల్ హార్వే దగ్గరికి వెళ్లినా సరే. నాకు ఈ విషయం మీద ఇష్టం మొదలైంది ఆయన పుస్తకంతోనే.

అసలు ఏ పుస్తకాలు? ఏ కాలం?

సుమారు 1450 నుంచి 1620ల దాకా యూరప్‌లో జనం అచ్చువేసి, కొని, చదివి, వ్యాఖ్యానాలు రాసిన లాటిన్ చరిత్ర గ్రంథాలు. ముఖ్యంగా లివీ, టాసిటస్. వాళ్ల పక్కనే సూటోనియస్, సాలస్ట్, వెల్లేయస్ పటెర్కులస్ లాంటివాళ్లు.

లివీది ఇటలీలోని పాడువా. రోమ్ పుట్టుక నుంచి తన కాలం దాకా 142 పుస్తకాల్లో చరిత్ర రాశాడు. ఇక్కడ ‘పుస్తకం’ అంటే మన పర్వం, స్కంధం లాంటి భాగం అనుకోండి. మనదాకా వచ్చినవి 35 మాత్రమే: 1 నుంచి 10, మళ్లీ 21 నుంచి 45. పదేసి పుస్తకాలను కలిపి డెకేడ్ అనేవారు. చివరి అయిదూ, అంటే 41 నుంచి 45 వరకు, జర్మనీలోని లోర్ష్ మఠంలో సైమన్ గ్రైనేయస్ అనే పండితుడికి 1527లో దొరికాయి. 1531లో బాజెల్ నగరంలో ఫ్రోబెన్ ముద్రణాలయం వాటిని అచ్చువేసింది. ఆ తర్వాత వచ్చిన లివీ ముద్రణల్లో టైటిల్ పేజీ మీద ‘మూడున్నర డెకేడ్‌లు’ అని కనిపిస్తే, ఆ ‘అర’ ఇదే.

వ్యాఖ్యానం అంటే మన మల్లినాథుడి టీక లాంటిదేనా?

చాలావరకు అవును. మెదక్ సీమ కొలిచలమకు చెందిన మల్లినాథసూరి కాళిదాసుకి చేసినట్టే, వీళ్లూ మాట విప్పి చెబుతారు, అన్వయం చూపిస్తారు, పాఠాంతరాలు ఇస్తారు. కాకపోతే చరిత్ర గ్రంథం కాబట్టి ఇంకో బరువు కూడా మోయాలి. ఫలానా కాన్సుల్ (రోమ్‌లో ఏటా ఎన్నుకునే అత్యున్నత అధికారి) ఏ ఏడాది పదవిలో ఉన్నాడు, ఫలానా నది ఎక్కడుంది, లివీ చెప్పిన లెక్క ఇంకో చరిత్రకారుడి లెక్కతో ఎందుకు కలవదు, ఇవన్నీ తేల్చాలి. స్విట్జర్లాండ్‌కి చెందిన గ్లారియానస్ లివీకి కాలక్రమ పట్టిక తయారుచేసింది ఇందుకే. ఇటలీలో కార్లో సిగోనియో కాన్సుళ్ల జాబితాల మీద ఏళ్ల తరబడి కూర్చున్నాడు.

అయితే వీటన్నిటికంటే ముందు పని, పాఠాన్ని నిలబెట్టడం. దీనికి వెల్లేయస్ పటెర్కులస్ కథ చెప్పాలి. 1515లో బియాటస్ రెనానస్ అనే పండితుడికి అల్సాస్ ప్రాంతంలోని ముర్‌బాఖ్ మఠంలో ఈయన చరిత్ర వ్రాతప్రతి ఒకటి దొరికింది. అక్షరాలు చూస్తే, దాన్ని రాసిన లేఖకుడికి ఒక్క ముక్క కూడా అర్థమై ఉండదని ఒట్టేసి చెప్పగలను అన్నాడు రెనానస్. అంత తప్పులతడక. ఇంతకంటే మంచి ప్రతి మిలాన్‌లో ఉందని విని కొన్నాళ్లు ఆగాడు. అది రాలేదు. చివరికి 1520 తేదీతో ఫ్రోబెన్ దగ్గరే అచ్చువేయించాడు. పుస్తకం ప్రెస్‌లో ఉండగా ఆల్బర్ట్ బురర్ అనే ఆయన శిష్యుడు అచ్చు పేజీలను మళ్లీ అసలు వ్రాతప్రతితో పోల్చి, తేడాలన్నీ జాబితా రాసి చివర చేర్చాడు. ఆ తర్వాత ముర్‌బాఖ్ ప్రతి మాయమైపోయింది. ఈ రోజు వెల్లేయస్‌ని చదివే ప్రతి ఒక్కరూ ఆ అచ్చు పుస్తకం మీద, బురర్ ఓపిగ్గా రాసిన ఆ జాబితా మీద, బోనిఫేసియస్ అమెర్‌బాఖ్ 1516లో తీసుకున్న ఒక నకలు మీద ఆధారపడాల్సిందే. ప్రూఫులు దిద్దే పనిని చిన్నచూపు చూసేవాళ్లకి నేను ఎప్పుడూ బురర్ పేరే చెబుతాను.

వ్రాతప్రతి చూడకుండానే పాఠం సరిచేయొచ్చా?

చేశారు. అందులో అందరికంటే పెద్ద పేరు యుస్టస్ లిప్సియస్. ఇప్పటి బెల్జియంలో 1547లో పుట్టాడు. 1574లో, ఇంకా ముప్పై నిండకుండానే, ఆంట్వెర్ప్‌లో ప్లాంటిన్ ముద్రణాలయం నుంచి టాసిటస్‌ని తెచ్చాడు. అంతకుముందు ముద్రణల్లో టాసిటస్ చరిత్రలు ‘అనల్స్’, ‘హిస్టరీస్’ రెండూ ఒకే గ్రంథంలా కలిసిపోయి ఉండేవి. వాటిని విడివిడి రచనలుగా నిలబెట్టింది ఈ ముద్రణే. టాసిటస్ అంతా ఆయనకి కంఠతా వచ్చట. గుండెకి బాకు గురిపెట్టి ఎక్కడినుంచి అడిగినా అప్పజెప్తాను, ఒక్క మాట తప్పితే పొడవండి అన్నాడని చెప్పుకుంటారు.

ఫ్లోరెన్స్‌లో ఉన్న ప్రధాన వ్రాతప్రతులు దగ్గర లేకుండానే ఆయన ఈ పని మొదలుపెట్టాడు. భాష మీద, రోమ్ ఆచారాల మీద ఉన్న పట్టుతోనే ‘ఇక్కడ ఈ మాట ఉండి తీరాలి’ అని ఊహించి సరిచేశాడు. తర్వాత కూర్జియో పికేనా ఆ ఫ్లోరెన్స్ ప్రతులను పోల్చి 1600లో తన నోట్స్ అచ్చువేశాడు. సొంత ఊహలను అసలు ప్రతి ముందు పెట్టి చూసుకునే అవకాశం లిప్సియస్‌కి చివరి రోజుల్లో వచ్చింది. పండితుడికి అంతకంటే పెద్ద పరీక్ష ఉండదు.

టాసిటస్ చదవడం అంత టెన్షన్ వ్యవహారం ఎందుకైంది?

ఎందుకంటే ఆయన రాసింది చక్రవర్తులు ఎలా భయపెట్టి పాలించారో, కొలువులో మనుషులు ఎలా నోరు మూసుకున్నారో. 16వ శతాబ్దపు రాజులకి అది పాత కథలా అనిపించలేదు. 1599లో జాన్ హేవర్డ్ అనే ఆయన ఇంగ్లండ్ రాజు నాలుగో హెన్రీ మీద పుస్తకం రాస్తే, అందులో రాజద్రోహం ఉందా అని ఎలిజబెత్ రాణి ఫ్రాన్సిస్ బేకన్‌ని అడిగింది. రాజద్రోహం కనబడలేదు గానీ దొంగతనం మాత్రం బోలెడుంది, టాసిటస్ వాక్యాలు ఎత్తుకొచ్చి ఇంగ్లీషులో పెట్టాడు అన్నాడు బేకన్. ఆ మాట హేవర్డ్‌ని కాపాడలేదు, ఆయన జైలుకి వెళ్లాడు. 1627లో కేంబ్రిడ్జ్‌లో ఐజాక్ డోరిస్లౌస్ టాసిటస్ మీద పాఠాలు మొదలుపెడితే రెండు పాఠాలతోనే ఆపించేశారు.

టాసిటస్ వ్రాతప్రతి దొంగ సొత్తు అంటారు, నిజమా?

‘అనల్స్’ మొదటి ఆరు పుస్తకాల విషయంలో నిజం. అవి మిగిలింది ఒకే ఒక్క వ్రాతప్రతిలో. అది జర్మనీలోని కోర్వై మఠానిది. అక్కడినుంచి దాన్ని ఎత్తుకుపోయారు, చేతులు మారి రోమ్‌లో పోప్ పదో లియో దగ్గరికి చేరింది. ఆయన ఫిలిప్పో బెరొఆల్డోకి అప్పగిస్తే 1515లో అచ్చయింది. వేరెవరూ దీన్ని అచ్చువేయకూడదని పోప్ ఆంక్ష పెట్టాడు. అయినా మిలాన్‌లో అలెస్సాండ్రో మినూజియానో అనే ముద్రాపకుడు పేజీలు సంపాదించి సొంతంగా వేసేశాడు. తర్వాత క్షమాపణ చెప్పుకోవాల్సి వచ్చింది.

మరి మఠానికి ఏం దక్కింది? పోప్ వాళ్లకి అచ్చు పుస్తకం ఒకటి మంచి బైండింగ్‌తో పంపాడు. పోయినదానికి బదులు ఇది పెట్టుకోండి, దిద్దిన పాఠం కాబట్టి ఇంకా మేలు అని కబురు. దాంతోపాటు పాపక్షమాపణ పత్రం. వ్రాతప్రతి మాత్రం తిరిగి వెళ్లలేదు. ఇప్పటికీ ఫ్లోరెన్స్‌లోని లారెన్షియన్ లైబ్రరీలోనే ఉంది. అచ్చు ప్రతి ఎంత శుద్ధంగా ఉన్నా, తొమ్మిదో శతాబ్దపు ఏకైక వ్రాతప్రతికి అది బదులు కాదు. ఇందులో మఠానికి అన్యాయమే జరిగిందని నా అభిప్రాయం. అదే సమయంలో, అది రోమ్ చేరి అచ్చయినందువల్లే ఆ ఆరు పుస్తకాలూ లోకానికి తెలిశాయి. ఈ రెండు మాటలూ నిజమే. ఒకదాన్ని పెట్టి రెండోదాన్ని కొట్టేయలేం.

ఒక ప్రతి ఎవరిదో ఎలా తెలుస్తుంది?

సంతకం, బైండింగ్ మీద ముద్రించిన వంశచిహ్నం, అతికించిన పేరు చీటీ, ధర రాసుకున్న అంకెలు, లైబ్రరీ అరల నంబర్లు, చేతిరాత. కొట్టేసిన పేర్లు కూడా ఆధారాలే. కంటికి ఆనని చెరిపేసిన సిరా అతినీలలోహిత కాంతిలో చాలాసార్లు బయటపడుతుంది.

వీటిలో నాకు బాగా నచ్చినవి యజమానుల మాటలు. పైన చెప్పిన బియాటస్ రెనానస్‌నే తీసుకోండి. అల్సాస్‌లోని సెలెస్టా పట్టణంలో 1485లో పుట్టాడు, తండ్రి మాంసం వ్యాపారి. కుర్రవాడిగా ఉన్నప్పటి నుంచే పుస్తకాలు కొనడం అలవాటు. తన పుస్తకాల మీద లాటిన్‌లో ఇలా రాసుకునేవాడు: ‘సుమ్ బియాటి రెనాని, నెక్ మూతో డోమినుమ్’. నేను బియాటస్ రెనానస్ సొత్తును, యజమానిని మార్చను అని అర్థం. మాట్లాడుతున్నది పుస్తకం. మన తాళపత్రాల చివర కనిపించే శ్లోకంలోనూ మాట్లాడేది పుస్తకమే కదా: ‘తైలాద్రక్షేత్ జలాద్రక్షేత్ రక్షేత్ శిథిలబంధనాత్, మూర్ఖహస్తే న దాతవ్యం ఏవం వదతి పుస్తకమ్’. నూనె నుంచి, నీటి నుంచి, వదులైన కట్టు నుంచి నన్ను కాపాడు, మూర్ఖుడి చేతికి మాత్రం ఇవ్వకు అంటుంది.

అదే కాలంలో ఫ్రాన్స్‌లో జాన్ గ్రోలియే అనే సంపన్నుడు తన అందమైన బైండింగ్‌ల మీద ‘గ్రోలియేది, ఆయన స్నేహితులది’ అని ముద్రించుకునేవాడు. ఒకరు యజమానిని మార్చను అంటే, ఇంకొకరు నలుగురిదీ అన్నారు.

రెనానస్ పుస్తకం మాట తప్పలేదు. 1547లో చనిపోయేముందు ఆయన తన గ్రంథాలయాన్ని, సుమారు 670 సంపుటాలు, సొంత ఊరికి రాసిచ్చాడు. ఆ కాలపు పండితుల పుస్తకాలు చాలావరకు వేలంలోనో వారసుల చేతిలోనో చెల్లాచెదురైపోయాయి. ఈయనవి మాత్రం ఎక్కువభాగం ఇప్పటికీ సెలెస్టాలోనే ఉన్నాయి. 2011లో యునెస్కో ‘ప్రపంచ స్మృతి’ జాబితాలో చేర్చింది.

గేబ్రియల్ హార్వే లివీకి అంత పేరెందుకు?

పుస్తకం 1555లో బాజెల్‌లో హెర్వాగియస్ అచ్చువేసిన లివీ. పెద్ద సైజు సంపుటం. అచ్చు పుస్తకంగా మరీ అరుదైనదేం కాదు. దాన్ని అరుదుగా చేసింది యజమాని చేతిరాత.

హార్వే ఇంగ్లండ్‌లో సాఫ్రన్ వాల్డెన్ ఊరివాడు. తండ్రి తాళ్లు పేనే వ్యాపారం చేసేవాడు. కొడుకు కేంబ్రిడ్జ్‌లో చదివి, అక్కడే బోధించి, పెద్ద కొలువు కోసం జీవితాంతం ఎదురుచూశాడు. కవి ఎడ్మండ్ స్పెన్సర్‌కి ఆప్తమిత్రుడు. ఈ లివీని 1568లో సంపాదించాడు. అప్పటినుంచి 1590 దాకా మళ్లీ మళ్లీ చదువుతూ మార్జిన్లు నింపాడు. పేజీ తెరిస్తే మధ్యలో నల్లటి అచ్చు, చుట్టూ చక్కని గుండ్రటి చేతిరాత. వాక్యాల మధ్యన, పేజీ అడుగున, అధ్యాయం అయిపోయాక మిగిలిన ఖాళీలో, ఎక్కడ చోటుంటే అక్కడ రాశాడు. యుద్ధానికి సంబంధించిన చోట అంగారకుడి గుర్తు పెట్టాడు. లివీ పక్కన ఇటలీ రాజకీయ రచయిత మాకియవెల్లి ఏమన్నాడు, ఫ్రెంచ్ రాజనీతి రచయిత బోదాన్ ఏమన్నాడు, సెయింట్ అగస్టీన్ ఎక్కడ విభేదించాడు, అన్నీ అక్కడే రాసుకున్నాడు. అంటే ఒక పుస్తకం చదువుతూ బల్ల మీద నాలుగు పుస్తకాలు తెరిచి ఉంచుకున్నాడన్నమాట.

ఎవరితో కలిసి చదివాడో కూడా రాశాడు. 1577లో ఫిలిప్ సిడ్నీ అనే యువకుడు ఎలిజబెత్ రాణి దూతగా రెండో రుడాల్ఫ్ చక్రవర్తి దగ్గరికి వెళ్లాడు. అప్పటికి ఆయన వయసు 22. ఆ ప్రయాణానికి కొద్దిరోజుల ముందు తామిద్దరూ ఏకాంతంగా కూర్చుని లివీ మొదటి మూడు పుస్తకాలను రాజకీయ దృష్టితో అన్ని వైపుల నుంచీ పరిశీలించామని మార్జిన్‌లో నమోదు చేశాడు. రాయబారానికి వెళ్లే మనిషి పదిహేను వందల ఏళ్లు దాటిన పుస్తకంతో సిద్ధమయ్యాడు! చరిత్ర చదవడం వాళ్లకి కాలక్షేపం కాదు, పనికి పెట్టుకునే మూలధనం.

ఇంకో రాత నాకు ఇంకా ఇష్టం. రోమ్ మీదికి దండెత్తిన కార్తేజ్ సేనాని హన్నిబాల్ యుద్ధం ఉన్న మూడో డెకేడ్‌ని థామస్ స్మిత్ అనే కుర్రాడితో కలిసి ఒక్క వారంలో పూర్తిచేశామంటాడు. ఈ కుర్రాడి తండ్రి పేరు కూడా థామస్ స్మిత్, రాణిగారి కార్యదర్శి. ఎసెక్స్‌లోని వాళ్ల ఇల్లు హిల్ హాల్‌లో ఒక వాదన జరిగింది. హన్నిబాల్‌ని ఎదిరించిన రోమన్ సేనానుల్లో ఎవరు మేలు? మీదపడి కొట్టే మార్సెల్లసా, కాలం సాగదీసి శత్రువుని అలసిపోనిచ్చే ఫేబియసా? మార్సెల్లస్ పక్షాన చిన్న స్మిత్, సర్ హంఫ్రీ గిల్బర్ట్. ఫేబియస్ పక్షాన తండ్రి స్మిత్, డాక్టర్ వాల్టర్ హాడన్. చివరికి కుర్రవాళ్ల పక్షం ఒప్పుకుని తగ్గింది. హార్వే శ్రోతల్లో కూర్చుని ఉన్నాడు. ఇద్దరూ తమతమ చోట అవసరమైనవాళ్లే, నాకైతే ఒక్కోసారి మార్సెల్లస్‌లా, ఒక్కోసారి ఫేబియస్‌లా ఉండాలనిపిస్తుంది అని రాసుకున్నాడు.

ఆ తర్వాత ఏమైందో తెలిసి చదివితే ఆ పేజీ మనసుని మెలిపెడుతుంది. చిన్న స్మిత్ ఐర్లండ్‌లోని ఆర్డ్స్ ప్రాంతంలో వలస స్థాపించడానికి దండుతో వెళ్లి 1573లో అక్కడే చంపబడ్డాడు. గిల్బర్ట్ న్యూఫౌండ్‌లాండ్ నుంచి తిరిగొస్తూ 1583లో ఓడతో సహా సముద్రంలో కలిసిపోయాడు. వాదనలో తగ్గారు గానీ, జీవితంలో ఇద్దరూ మార్సెల్లస్ దారిలోనే వెళ్లారు.

హార్వే 1631లో చనిపోయాక ఆయన పుస్తకాలు చెదిరిపోయాయి. ఈ లివీ ఇప్పుడు అమెరికాలో ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో ఉంది. లీసా జార్డిన్, ఆంథనీ గ్రాఫ్టన్ అనే ఇద్దరు చరిత్రకారులు 1990లో దీని మీద రాసిన వ్యాసం తర్వాతే, మార్జిన్ రాతలు చదవడం ఒక పరిశోధన రంగంగా బలపడింది.

మార్జిన్‌లో రాస్తే పుస్తకం పాడైనట్టు కాదా?

ఒకప్పుడు వ్యాపారులు, సేకరించేవాళ్లు అలాగే అనుకున్నారు. ముఖ్యంగా 19వ శతాబ్దంలో, పేజీలు తెల్లగా కనబడాలని కాగితాలు విప్పి మందునీళ్లలో కడిగించారు. మళ్లీ బైండింగ్ చేసేటప్పుడు అంచులు సాపు చేయడానికి కత్తిరించారు. పాత లైబ్రరీల్లో వాక్యం సగంలో తెగిపోయిన మార్జిన్ రాతలు ఎన్నో.

ఈ నష్టం ఎలాంటిదో నాకు ఇంట్లోనే తెలిసింది. మా తాతగారి భారతం ప్రతి ఒకటి కట్టు ఊడిపోతే బైండింగ్‌కి ఇచ్చాం. తిరిగొచ్చినప్పుడు మూడు వైపులా నీటుగా, తళతళా ఉంది. తెరిచి చూస్తే పెన్సిల్‌తో ఆయన రాసుకున్న అర్థాల్లో ప్రతి వరసకీ చివరి రెండు మూడు అక్షరాలు లేవు. ‘అనగా ఇచ్చట కర్ణు’ అని ఉంది, ఆ తర్వాత కాగితమే లేదు. కర్ణుడో, కర్ణునికో, కర్ణుని వలననో ఇక తెలియదు. ముందుగా చెప్పి ఉండాల్సింది, చెప్పలేదు. అలాంటి పుస్తకం మీ ఇంట్లో ఉంటే బైండింగ్‌కి ఇచ్చేముందు ప్రతి పేజీ ఫోన్‌తో ఫోటో తీసుకోండి. అంచు కత్తిరించొద్దని నోటితో చెప్పడమే కాదు, చీటీ రాసి లోపల పెట్టండి.

ఒకే ప్రతికి ఇద్దరు గొప్ప యజమానులు ఉన్న ఉదాహరణ ఉందా?

ఉంది, అదీ లివీయే. లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో ‘హార్లీ 2493’ అనే నంబరుతో ఒక వ్రాతప్రతి ఉంది. 14వ శతాబ్దంలో ఇటాలియన్ కవి పెట్రార్క్ లివీ డెకేడ్‌లను ఒకచోట చేర్చి, కొంతభాగం తన చేత్తోనే రాసి, సవరణలు చేసుకున్న ప్రతి అది. వందేళ్ల తర్వాత అదే ప్రతి లొరెంజో వల్లా అనే ఇటాలియన్ పండితుడి చేతికి వచ్చింది. వల్లా కూడా అదే మార్జిన్లలో తన సవరణలు రాశాడు. నేపుల్స్‌లో అల్ఫాన్సో రాజు కొలువులో ప్రత్యర్థి పండితులతో ఆయన లివీ పాఠం మీద పెట్టుకున్న గొడవకి ఈ పుస్తకమే ఆయుధశాల. రెండు చేతిరాతలనూ గుర్తుపట్టి చెప్పింది 20వ శతాబ్దపు ఇటాలియన్ పండితుడు జుసెప్పె బిల్లనోవిచ్.

ఫలానా గొప్పవాడి పుస్తకం అని అమ్మేవాళ్లని నమ్మొచ్చా?

ఒక్క సంతకం చూసి నమ్మొద్దు. చేతిరాతని తిరుగులేని నమూనాలతో పోల్చాలి, సిరా ఆ కాలానిదేనా చూడాలి, పుస్తకం ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో మధ్యలో తెగకుండా చెప్పగలగాలి. లైబ్రరీ ముద్ర గీకేసిన ఆనవాళ్లుంటే వెనక్కి తగ్గడమే మంచిది.

ఇవి చూడాలంటే ఎలా? లాటిన్ రాకపోతే?

హార్వే లివీ మొత్తం ఆన్‌లైన్‌లో ఉచితంగా ఉంది. జాన్స్ హాప్కిన్స్, ప్రిన్స్‌టన్, యూనివర్సిటీ కాలేజ్ లండన్ కలిసి చేపట్టిన ‘ఆర్కియాలజీ ఆఫ్ రీడింగ్’ ప్రాజెక్టులో పేజీల ఫోటోలతో పాటు, లాటిన్ రాతలకి ఇంగ్లీషు అనువాదం కూడా ఇచ్చారు. కాబట్టి లాటిన్ రాదని ఆగిపోనక్కర్లేదు. న్యూజెర్సీలో ఎడిసన్ చుట్టుపక్కల మన తెలుగువాళ్లు ఎంతమందో ఉన్నారు. అక్కడికి ప్రిన్స్‌టన్ దగ్గరే. అరుదైన గ్రంథాల విభాగంలో ఏది, ఎలా చూపిస్తారో ముందుగా రాసి కనుక్కుని వెళ్లండి. సెలెస్టాలో రెనానస్ పుస్తకాలున్న భవనం ఒకప్పటి ధాన్యం మార్కెట్టు. 2018లో బాగుచేసి మళ్లీ తెరిచారు, ఎవరైనా వెళ్లి చూడొచ్చు.

హార్వే పుస్తకాన్ని మొదటిసారి స్క్రీన్ మీద తెరిచేవాళ్లు మొదటి పేజీ నుంచి మొదలుపెట్టకండి. అక్కడ రాతలు మరీ చిక్కగా ఉండి కంగారు పెడతాయి. మూడో డెకేడ్‌కి వెళ్లి హిల్ హాల్ వాదన రాసిన చోటు వెతకండి. జూమ్ చేస్తే మార్సెల్లస్, ఫేబియస్ పేర్లు లాటిన్ రానివాళ్లకి కూడా కనబడతాయి.